నలభై సెకన్ల గరగర

మెట్ల పక్క గది,
సోమవారం

అక్కా,

క్షేమం అడగడానికి రాయడం లేదు. నీకేమైనా అయితే ఆ కళ్లజోళ్ల వర్క్‌షాపు వాళ్లు ముందు నాకే కబురు పెడతారు, పెట్టలేదు కాబట్టి బాగానే ఉన్నావు. ఒళ్లు మండి రాస్తున్నాను.

ఇవాళ పొద్దున్న బస్సు కోసం నిలబడ్డాను. వచ్చింది. దాని ఒంటి నిండా మన కథలో పైలట్ బొమ్మ! కొత్త రంగులు, నీలం జుట్టు, నడుము ఇంతే. పక్కన పెద్ద అక్షరాలతో "పన్నెండు నిమిషాల అవతల: రెండో ప్రయాణం". నోరు వెళ్లబెట్టుకుని చూస్తూ ఉండిపోయాను. బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సు మీద సబ్బు బొమ్మ ఉంది, అదెక్కి పనికి వెళ్లాను.

మధ్యాహ్నం ఆరా తీశాను. మన స్టూడియోనే తీస్తోంది. వచ్చే నెల నుంచి వారానికో భాగం. పోస్టరు కింద చీమ తలకాయంత అక్షరాల్లో "మూలకథ: స్టూడియో కథా విభాగం" అని ఉంది. ఎక్కడుండేదక్కా ఆ విభాగం? నా వంటింటి బల్ల ఒకటి, నీ వర్క్‌షాపు బల్ల ఒకటి, మధ్యలో పోస్ట్‌మాన్. ఇరవై ఆరు భాగాల యానిమే, టీవీ బొమ్మల కథ, అలాగే కదా రాశాం! అంతరిక్షంలో ఉన్న పైలట్ మాటలు నువ్వు రాసి పంపేదానివి. నేల మీద కేంద్రంలో కూర్చున్న ఆపరేటరమ్మ మాటలు నేను రాసి పంపేదాన్ని. నువ్వేం జవాబిస్తావో నాకు తెలియదు, నేనేం అడుగుతానో నీకు తెలియదు. ఇప్పుడు అదంతా ఎవరో విభాగం రాసిందట.

సూటిగా అడుగుతున్నాను. వాళ్లు నీ దగ్గరికొచ్చారా? నాకు చెప్పకుండా నువ్వేమైనా సంతకం పెట్టావా?

ఇలా అడగడానికి సిగ్గుగానే ఉంది. పంతొమ్మిదేళ్లయింది మనం సరిగ్గా మాట్లాడుకుని. అమ్మ పోయినప్పుడు కూడా పక్కపక్కనే కూర్చుని "నీళ్లు కావాలా", "వద్దు" అనుకున్నామంతే. ఫోన్ మాత్రం చేయకు. ఫోన్లో నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు.

చిన్నది


లెన్సుల వర్క్‌షాపు, వెనక గది,
శుక్రవారం

టపాకాయ్,

నీ ఉత్తరం నాలుగు రోజులకి చేరింది. మన పైలట్‌కి పన్నెండు నిమిషాల్లో అందేది, మన పోస్టాఫీసుకి ఇంకా ఆ తెలివి రాలేదు.

సంతకమా! పంతొమ్మిదేళ్ల తర్వాత రాస్తూ అడగాల్సిన మొదటి మాట అదేనా? ఎవరూ నా గడప తొక్కలేదు. తొక్కితే కాళ్లు విరగ్గొట్టి నీకు ఉత్తరం రాసేదాన్ని. నాకెలా తెలిసిందో చెప్పనా? మొన్న ఒక పెద్దాయన కొత్త కళ్లజోడు పెట్టుకుని చూపు సరిపోయిందో లేదో చూసుకోవడానికి పత్రిక తెరిచాడు. పైకి చదివాడు. "రెండో ప్రయాణం, సరికొత్త బృందంతో." అంత స్పష్టంగా కనిపించే అద్దాలు నేనే అరగదీసి ఇచ్చాను, నా కర్మ.

మన నియమం గుర్తుందనుకుంటాను. కథలో అడిగినదానికి కథలోనే జవాబు, బయట ఆ ఊసెత్తకూడదు. అది పెట్టింది నువ్వే. కాబట్టి పాతవి నేను ఎత్తను, నువ్వూ ఎత్తకు. ఈ కొత్తది మాత్రం చూద్దాం. తిట్టడానికైనా ఇద్దరుండాలి కదా.

కాగితం మూల ఎర్ర మరక చూసి కంగారు పడకు. అద్దాలకి మెరుగు పెట్టే పొడి అది. ఎన్నిసార్లు కడిగినా ఈ బొటనవేలిని వదలదు. అప్పుడూ అంతే కదా, నా ప్రతి కాగితానికీ ముద్ర పడేది, నువ్వు "అక్క సీలు వేసింది" అనేదానివి.

అక్క


మెట్ల పక్క గది,
ఆదివారం

అక్కా,

చూశావా? మొదటి భాగం చూశావా? నేను చూస్తూ చేతిలో ఉన్న పెన్సిలు విరిచేశాను. ఏడో తరగతి సైన్సు పుస్తకానికి కప్ప పొట్టలోపలి బొమ్మ గీస్తున్నాను, పేగు మీద అడ్డంగా గీత పడింది. మళ్లీ మొదటి నుంచి గీయాలి.

నా ఆపరేటరమ్మని ఏం చేశారో చూడు! యాభై ఏళ్ల మనిషి, పగిలిన కళ్లజోడుకి అతుకు వేసుకుని, వాచిన కాళ్లు స్టూలు మీద పెట్టుకుని కూర్చునేది. ఆవిడ స్థానంలో ఒక అందగాడట! చొక్కా గుండీలు రెండు ఊడిపోయాయి పాపం, పెట్టుకోడానికి తీరిక లేనట్టుంది. వాడు నుదుటి మీద జుట్టు ఎగరేస్తాడు, పైలట్ సిగ్గుపడుతుంది. వాళ్లిద్దరికీ ప్రేమ!

అది కూడా ఓర్చుకుంటాను. వీడు ఇక్కడ "హలో" అనగానే అది అక్కడ "హలో" అంటుందేమిటి? మధ్యలో అంత దూరం ఉంది కదా! మన కథకి ప్రాణమే ఆలస్యం. ఒక మాట అడిగితే వెళ్లడానికి పన్నెండు నిమిషాలు, రావడానికి పన్నెండు నిమిషాలు. ఆ మధ్యలో ఆపరేటరమ్మ కళ్లజోడు తుడుచుకునేది, గోళ్లు కొరుక్కునేది, అలా అడిగి ఉండాల్సింది కాదని తిట్టుకునేది. అదంతా నేను ఊహించి రాసింది కాదు. నీకు ఉత్తరం వేసి నాలుగు రోజులు నేను చేసిందే అది.

పైలట్‌కి పిల్లి కూడా ఇచ్చారు. ఇనప పిల్లి. మాట్లాడుతుంది.

చిన్నది


లెన్సుల వర్క్‌షాపు, వెనక గది,
గురువారం

టపాకాయ్,

పిల్లిని ఏమీ అనకు. అంత గుంపులో బుర్ర ఉన్నది దానికొక్కదానికే.

నేను ఇప్పటికి మూడు భాగాలు చూశాను. పక్కింటావిడ గోడ కొట్టి "ఎవరినమ్మా తిడుతున్నావు" అని అడిగింది. టీవీనని చెప్పాను. ఆవిడకి నా మీద కొత్త భయం పట్టుకున్నట్టుంది, మెట్ల మీద ఎదురైతే పక్కకి తప్పుకుంటోంది.

నా పైలట్ ఎప్పుడూ తను భయపడుతున్నానని చెప్పేది కాదు. భయమేస్తే ఏదో ఒక వస్తువు గురించి మాట్లాడేది. "ఇక్కడ చెంచా ఒకటి గాల్లో తిరుగుతోంది, పట్టుకుంటే మళ్లీ వదిలేయాలనిపిస్తోంది" అనేది. నువ్వు దాన్నిబట్టి తెలుసుకునేదానివి. నీ ఆపరేటర్ వెంటనే "చెంచాకి తాడు కట్టు, నేనిక్కడే ఉన్నాను" అనేది. ఈ పిల్ల మాత్రం నిమిషానికోసారి "నాకు భయంగా ఉంది" అని ఏడుస్తోంది. వాడేమో "నేనున్నాను" అని చొక్కా సవరించుకుంటున్నాడు.

ఏమాటకామాటే, నీతో కలిసి తిట్టుకుంటుంటే బాగుంది. వారం అంతా అద్దాలు అరగదీస్తూ ఏమేం రాయాలో లోపల పేర్చుకుంటున్నాను. నిన్న ఒకామె కళ్లజోడుకి ఎడమది కుడికి, కుడిది ఎడమకి బిగించాను. యజమాని ఒక చూపు చూశాడు.

అక్క


మెట్ల పక్క గది,
బుధవారం

అక్కా,

కప్ప అయిపోయింది, ఇప్పుడు వానపాము. వానపాముకి ఐదు జతల గుండెలట. ఒక్కదానితోనే మనం ఇన్ని అవస్థలు పడుతున్నాం.

ఒక సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు తన్నుకున్నాను. రెండో ప్రయాణం పుణ్యమా అని పత్రికల వాళ్లు మన పాత కథని మళ్లీ తవ్వుతున్నారు. ఇరవై ఆరో భాగం చివర గురించి ఒకాయన రెండు పేజీలు రాశాడు. ఆపరేటరమ్మ అడుగుతుంది: "నీ కోసం ఇక్కడ గది ఖాళీగా ఉంచాను. వస్తున్నావా, లేదా?" తర్వాత నలభై సెకన్లు రేడియో గరగర. తెర నల్లగా అవుతుంది. అయిపోయింది. జవాబు లేకపోవడమే జవాబట, మానవ జీవితానికి అద్దం పట్టిందట, ప్రపంచంలో అంత సాహసమైన ముగింపు లేదట.

నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. అది సాహసమూ కాదు, కళా కాదు. ఆ గరగర ఎవరి వల్ల వచ్చిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నియమం తప్పుతున్నానని తెలుసు. అయినా ఒక్కటి చెప్పేస్తాను. ఆ గది కథలో గది కాదక్కా. అప్పటి మా ఇంట్లో వెనక గది. సున్నం వేయించాను, కిటికీకి కొత్త గడియ పెట్టించాను. నువ్వు ఆ వర్క్‌షాపు వదిలేసి వచ్చేస్తే ఇద్దరం ఒకే బల్ల మీద రాసుకోవచ్చనుకున్నాను. నోరు తెరిచి అడిగే ధైర్యం లేక ఆపరేటరమ్మ చేత అడిగించాను.

ఇంక ఎత్తను.

చిన్నది


లెన్సుల వర్క్‌షాపు, వెనక గది,
మంగళవారం

నీ ఉత్తరం అందింది.

ఎవరి వల్ల వచ్చిందో తెలుసు. అందుకే ఆ ఊసు వద్దన్నాను. గదికి సున్నం వేయించి మరీ అలా చేశావని ఇప్పుడు తెలిసింది, అది తెలియకుండా ఉంటేనే బాగుండేది.

పని ఎక్కువగా ఉంది. ఆఖరి భాగం అయ్యాక రాయి.

అక్క


మెట్ల పక్క గది,
ఆదివారం

అక్కా,

పోయిన ఉత్తరంలో నువ్వు రాసింది నాకు అర్థం కాలేదు. నేనేం చేశాను? ఐదు వారాలు ఆలోచించాను. నీకు కోపం వస్తే ఇలాగే పొడిపొడిగా రాస్తావు, తెలుసు. సరే, ఆఖరి భాగం అయ్యాక రాయమన్నావు, అయింది, రాస్తున్నాను. ఇవాళ నాకు నీ మీద కంటే వాళ్ల మీదే కోపం ఎక్కువ.

మన గరగరకి జవాబు ఇచ్చేశారు! ఎంత పొగరు చూడు. పాత ప్రశ్న మళ్లీ వినిపించారు, నా ఆపరేటరమ్మ మాటలు ఈసారి ఆ అందగాడి నోట్లో. "నీ కోసం ఇక్కడ గది ఖాళీగా ఉంచాను. వస్తున్నావా, లేదా?" నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. పంతొమ్మిదేళ్లు ఆగాను కదా. పైలట్ కన్నుకొట్టి ఏమందో విన్నావా?

"గది ఖాళీగా ఎందుకు, నీ సామాను పెట్టుకో. నేను వచ్చాక జరుపుకుందాం."

వెంటనే పాట!

సామానట! నక్షత్రాల మధ్య అన్నేళ్లు ఒంటరిగా తిరిగిన మనిషి, చివరికి నోరు విప్పి సామాను గురించి మాట్లాడుతుందా? ఇల్లు మారేవాళ్లు లారీ దగ్గర అనుకునే మాట అది. ఎవడో ఆఫీసులో కూర్చుని, టీ చల్లారేలోపు రాసి పడేసి ఉంటాడు. నువ్వు ఆ జవాబు రాస్తే ఎలా రాసేదానివో నాకు తెలియదు. కానీ నీ చేతి నుంచి ఇంత మొద్దు మాట మాత్రం ఛస్తే రాదు.

నేను ఊరుకోదలచుకోలేదు. గురువారం సెలవు పెట్టాను. స్టూడియోకి వెళ్లి ఆ వాక్యం రాసినవాడెవడో బయటికి రమ్మని నాలుగు కడిగేసి వస్తాను.

చిన్నది


లెన్సుల వర్క్‌షాపు, వెనక గది,
బుధవారం

టపాకాయ్,

వెళ్లకు. ఈ ఉత్తరం చేరేసరికి వెళ్లొచ్చి ఉంటావేమో, అయినా రాస్తున్నాను.

ఆ మొద్దు మాట నాదే.

అక్షరం కూడా మార్చలేదు. కన్నుకొట్టడం వాళ్లది, పాట వాళ్లది, వాక్యం నాది. ఎక్కడ దొరికిందో మరి, తీసుకున్నారు. నేను టీవీ ముందు నిలబడి విన్నాను. తర్వాత, ఈసారి మూడు రోజులకే, నీ ఉత్తరం వచ్చింది. లారీ దగ్గర మాటన్నావు. ఛస్తే రాదన్నావు.

అప్పుడు ఏం జరిగిందో చెబుతాను, నియమం సంగతి తర్వాత. నీ ఆఖరి ప్రశ్న వచ్చిన రోజే నాకు అర్థమైంది, అడుగుతున్నది నువ్వేనని. రెండు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. గొప్పగా ఏదైనా రాయాలనుకున్నాను, రాలేదు. నా పైలట్‌కి లోపల ఎక్కువైతే వస్తువుల గురించే మాట్లాడుతుంది కదా. నువ్వు గది ఖాళీ పెట్టుకుని వంటింట్లో ఇరుక్కుని గీసుకుంటున్నావేమోనని బెంగ కలిగింది. అదే రాశాను. అంతలో మన నిర్మాత, ఆ గళ్లచొక్కా, గడువు దాటిపోతోందని, జవాబు నీకు కాకుండా నేరుగా స్టూడియోకే పంపమని కబురు పెట్టాడు. పంపాను. నీకు చూపిస్తారనే అనుకున్నాను.

ఆ తర్వాత ఇక్కడ పని మానేస్తానని యజమానికి చెప్పేశాను. ట్రంకుపెట్టె సర్దాను. ఆఖరి భాగం చూసి, నా మాట నీ ఆపరేటర్‌కి చేరడం నా కళ్లతో చూసి, మర్నాడు బస్సెక్కాలనుకున్నాను. పెట్టె గుమ్మం పక్కన పెట్టుకుని కూర్చుని చూశాను. నువ్వు అడిగావు. తర్వాత గరగర వచ్చింది. నలభై సెకన్లూ నా మాట వస్తుందనే చూశాను.

నువ్వు నా జవాబు చదివి తీసేయించావనుకున్నాను. రమ్మని అడిగి, వస్తానంటే వద్దనుకున్నావనుకున్నాను. పెట్టె మళ్లీ విప్పాను. యజమాని దగ్గరికెళ్లి మానడం లేదని చెప్పాను. నీకు కథ కోసం గరగరే నచ్చి ఉంటుందని సర్దిచెప్పుకోడానికి కూడా ప్రయత్నించాను. అదీ కుదరలేదు.

ఇంతకంటే రాయలేను.

అక్క


మెట్ల పక్క గది,
ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. నేను గురువారమే స్టూడియోకి వెళ్లొచ్చాను. ఈ మూడు రోజులూ బల్ల ముందు కూర్చుని ఏం రాయాలో తెలియక వానపాము గుండెలే గీస్తున్నాను. ఆరో జత కూడా గీసేశాను.

అక్కడ ఎవడూ బయటికి రాలేదు. ఒక పెద్దమనిషి మాత్రం కుర్చీ చూపించి, "విభాగం అంటే అందరూ వచ్చినట్టే కదండీ" అన్నాడు. మన పేర్లు వేయరట. గళ్లచొక్కా పోయి ఆరేళ్లయిందట. నేను అరుస్తుంటే పాత కాగితాల గది చూసుకునే ఆవిడ జాలిపడి లోపలికి తీసుకెళ్లింది. ఆ వాక్యం పాత కట్టల్లోనే దొరికిందని చెప్పి ఒక అట్ట తెరిచి నా ముందు పెట్టింది.

చూడగానే తెలిసిపోయింది. ఇంకా చదవనేలేదు. మూల ఎర్ర ముద్ర.

వెనక స్టూడియో వాళ్ల తేదీ కొట్టి ఉంది. బుధవారం చేరింది. ఇరవై ఆరో భాగం మంగళవారమే పూర్తయిపోయింది. జవాబు రాలేదని గళ్లచొక్కా గరగర పెట్టించాడు. ఒక్క రోజక్కా! ఆ తర్వాత కాగితాన్ని అట్టలో పెట్టేశారు, నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. బయట ఊసెత్తకూడదు కదా! ఆ వెధవ నియమం పెట్టిన నా నోట్లో మట్టి కొట్టాలి. నువ్వు రానన్నావనుకున్నాను. మూడు నెలలు చూసి, ఆ గది తాళం ఇచ్చేసి ఈ ఇంటికి మారిపోయాను. పంతొమ్మిదేళ్లు నిన్ను తిట్టుకున్నాను. నువ్వు నన్ను తిట్టుకున్నావు. అమ్మ పక్కన కూర్చుని కూడా "నీళ్లు కావాలా" అనుకున్నాం.

కాగితం ఇవ్వమని బతిమాలాను, స్టూడియో ఆస్తి అంది. చేత్తో రాసుకోనిచ్చింది. రాస్తుంటే నాకు ఏడుపాగలేదు, ఆవిడే పెన్ను తీసుకుని మిగతాది రాసిపెట్టింది. మొద్దు మాటని నేనన్నాను, ఆ నోటితోనే అంటున్నాను, ఇంత మంచి మాట నాకు ఇంతవరకు ఎవరూ రాయలేదు. ఆ కన్నుకొట్టిన పిల్ల నోట్లో పెట్టేసరికి గుర్తుపట్టలేకపోయాను. వాళ్లని ఏమనాలో కూడా తెలియడం లేదు. పాడుచేసింది వాళ్లే, తెచ్చి ఇచ్చింది కూడా వాళ్లే.

ఇక నియమం లేదు. ఇప్పుడు అడుగుతున్నది ఆపరేటరమ్మ కాదు, నేను. మా ఇంట్లో ఒక గది ఉంది. వస్తున్నావా, లేదా?

చిన్నది


లెన్సుల వర్క్‌షాపు, వెనక గది,
గురువారం

టపాకాయ్,

పేర్లు వేయకపోతే పోనీ అనలేను, ఆ పెద్దమనిషి కళ్లజోడు కోసం ఎప్పుడో ఒకప్పుడు మా వర్క్‌షాపుకి రాకపోడు. అప్పుడు చూసుకుంటాను.

నువ్వడిగింది చదివాను. నాలుగుసార్లు చదివాను. యజమానికి చెప్పాను కూడా. ఆయన "పోయినసారి కూడా ఇలాగే అన్నావమ్మా" అని నవ్వాడు.

ముందు ఒకటి చెప్పు. నువ్వు ప్రతిసారీ "మెట్ల పక్క గది" అని రాస్తున్నావు. ఆ గది మెట్ల కిందా, మెట్ల పైనా? నా మోకాళ్లకి ఇప్పుడు యాభై ఏడు. పెట్టె బరువు కూడా అప్పటి కంటే పెరిగింది. అది తేల్చి రాస్తే బస్సు చూసుకుంటాను. ఈసారి జవాబు నాకే పంపు, మధ్యలో ఎవరికీ ఇవ్వకు.

అక్క


మెట్ల పక్క గది,
సోమవారం

అక్కా,

కిందే. ఒక్క మెట్టు కూడా లేదు.

ఈ ఉత్తరం డబ్బాలో వేయడం లేదు, పోస్టాఫీసుకి నేనే వెళ్లి ఇస్తాను. అయినా నాలుగు రోజులు పడుతుంది, ఆ నాలుగు రోజులూ నేనేం చేస్తుంటానో నీకు తెలుసు.

గది మాత్రం ఖాళీగా లేదు. కప్పలు, వానపాములు, రంగు డబ్బాలు, విరిగిన బొమ్మల స్టాండు, పాత పత్రికల కట్టలు, అన్నీ అందులోనే పెట్టుకున్నాను. ఒక్కటీ కదపలేదు. నువ్వు వచ్చాక జరుపుకుందాం.

చిన్నది